పెళ్లయితే కుక్క ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: నా వయసు 29. హనుమకొండలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను. నయీంనగర్‌లో మొదటి అంతస్తులో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని ఒక్కదాన్నే ఉంటున్నాను. అమ్మ పరకాలలో ఉంటుంది, నెలకు పది రోజులు నా దగ్గరకు వస్తుంది. చిన్నప్పటి నుంచి కుక్కను పెంచుకోవాలని కోరిక. డబ్బు పెట్టి కొనకుండా దిక్కులేనిదాన్ని తెచ్చుకుందామని, జంతువులను కాపాడే ఒక బృందాన్ని అడిగాను. వాళ్ల దగ్గరున్న రెండు నెలల మగపిల్ల ఫొటో చూసి మనసు పారేసుకున్నాను. నాలుగు పేజీల ఫారం పంపారు. ఆధార్ కాపీ, జీతం వివరాలు, ఇంటి ఓనరు అనుమతి పత్రం, ఇల్లు చూసుకోవడానికి రాక, నెలనెలా వీడియో, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తానని సంతకం. అన్నిటికీ సరే అన్నాను. ఓనరు మాత్రం నోటిమాటగా ఒప్పుకున్నారు, కాగితం ఇవ్వలేదు. చివరికి వాళ్లు ఇవ్వలేమన్నారు. అద్దె ఇల్లట, పగలంతా ఎవరూ ఉండరట, పైగా నాకు పెళ్లి కాలేదట. "రేపు పెళ్లయితే కుక్క ఎక్కడికి పోతుంది?" అని అడిగారు. పెళ్లిచూపుల్లో కూడా నాకు ఇంత చిన్నతనం జరగలేదు. మా వీధిలో ఏటా ఎన్నో కుక్కపిల్లలు బండ్ల కింద పడి చస్తున్నాయి. మా గేటు దగ్గర ఒక గోధుమరంగు ఆడకుక్క రోజూ నా స్కూటీ చప్పుడుకు లేచి వస్తుంది, దాన్ని అడిగే నాథుడు లేడు. ఇన్ని కుక్కలకు దిక్కు లేనప్పుడు ఇన్ని షరతులెందుకు? 12 వేలు పెట్టి ల్యాబ్రడార్ పిల్లను కొనేద్దామనుకుంటున్నాను. తప్పా?
ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం:

అమ్మా,

వాళ్లు చెప్పిన మూడు కారణాల్లో ఒకటి న్యాయమైనది, ఒకటి సగం న్యాయమైనది. మూడోది వాళ్ల నోట రావలసిన మాటే కాదు. మీ మనసు కష్టపెట్టింది ఆ మూడోదే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

పెళ్లికాని అమ్మాయికి కుక్కను ఇవ్వకూడదని ఏ ఫారంలోనూ రాసి ఉండదు. ఇల్లు చూడడానికి వచ్చినవాళ్లు గదులు, బాల్కనీ, మెట్లు చూసుకుని, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అడిగే ప్రశ్న అది. పద్నాలుగేళ్లుగా ఈ ఊళ్లో దెబ్బ తగిలిన కుక్కలను మా ఇంట్లో ఉంచుకుని, నయమయ్యాక మంచి ఇల్లు చూసి అప్పగిస్తున్నాను. పెళ్లికాని అబ్బాయిని ఆ ప్రశ్న అడగడం ఒక్కసారీ వినలేదు. అబ్బాయికి పెళ్లయితే ఇంకో మనిషి ఇంటికి వస్తుంది, అమ్మాయికి పెళ్లయితే అమ్మాయే ఇల్లు వదిలి వెళ్తుంది అని వాళ్ల లెక్క. ఆ లెక్క లోకంలో ఉన్నదే, వాళ్లు కొత్తగా పుట్టించలేదు. కానీ మిమ్మల్ని చూసి వేయవలసిన లెక్క కాదు అది.

నిజానికి వాళ్లు తెలుసుకోవాలనుకున్నది వేరు. ఊరు మారవలసి వస్తే కుక్కను ఏం చేస్తారు? ఈ ప్రశ్న అందరినీ అడగాలి. బదిలీల ఉద్యోగిని అడగాలి, ఇంజనీరింగ్ చదివే కుర్రాడిని అడగాలి. అందరికన్నా గట్టిగా, పిల్లలు విదేశాల్లో ఉన్న పెద్దవాళ్లను అడగాలి. హంటర్ రోడ్డు వైపు ఒక దంపతులకు నేనే ఒక కుక్కను ఇచ్చాను. సొంత ఇల్లు, పెరడు, ప్రహరీ, ఇద్దరూ పదవీ విరమణ చేసి ఇంట్లోనే ఉంటారు. ఏ ఫారం పెట్టినా వందకు వంద మార్కులే. ఏడాది తిరగకుండానే కూతురి పురిటికని ఆరు నెలలు అమెరికా వెళ్లారు. కుక్కను పనిమనిషికి అప్పగించి, నెలకింత అని డబ్బు పంపారు. ఆవిడ మంచిదే, పాపం రోజుకు రెండుసార్లు వచ్చి అన్నం పెట్టి వెళ్లేది. మిగతా ఇరవై రెండు గంటలూ ఆ కుక్క గేటు ఊచల మధ్య మూతి పెట్టి రోడ్డు చూస్తూ కూర్చునేది. పెళ్లయినవాళ్లే, సొంత ఇల్లున్నవాళ్లే.

కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఒక కుటుంబం ఇందుకు పూర్తిగా ఎదురు. రెండు గదులు, ఇద్దరు పిల్లలు, మూడేళ్లకోసారి బదిలీ. ఇవ్వాలా వద్దా అని చాలా రోజులు ఊగాను. ఇచ్చాక ఆ కుక్క వాళ్లతో మూడు ఊళ్లు తిరిగింది. రైల్లో కుక్కను తీసుకెళ్లడానికి వీలుందని చాలామందికి తెలియదు. ఫస్ట్ ఏసీలోగానీ ఫస్ట్ క్లాసులోగానీ కూపే, అంటే తలుపు వేసుకునే చిన్న గది, మొత్తం మన పేరు మీద ఉంటే మనతోపాటే ఎక్కించవచ్చు, సామాను చార్జీ కట్టాలి. అంత స్తోమత లేకపోతే గార్డు ఉండే బ్రేక్ వ్యానులో కుక్కల కోసం ఒక పెట్టె ఉంటుంది. స్లీపరులో, సెకండ్, థర్డ్ ఏసీల్లో కుదరదు. వాళ్లు మూడుసార్లూ ఆ పెట్టెలోనే పంపి, పెద్ద స్టేషను వచ్చినప్పుడల్లా దిగి పరుగెత్తి నీళ్లు పెట్టారట. మిమ్మల్ని ఇంకోసారి పెళ్లి గురించి అడిగితే కోపం దాచుకోనవసరం లేదు. కోపం తర్వాత మాత్రం ఒక జవాబు ఉండాలి. "నాతోనే వస్తుంది. పెళ్లిచూపుల్లోనే చెబుతాను, ఇష్టం లేనివాళ్లు కాఫీ తాగి వెళ్లవచ్చు" అనండి. సంబంధాలు వడకట్టడానికి ఇంతకన్నా మంచి జల్లెడ దొరకదని నా అనుభవం.

ఇక అసలు ప్రశ్న, ఇన్ని షరతులెందుకని. మీరు ఒప్పుకోకపోయినా సరే, ఒక కథ చెప్పాలి. ఇందులో తప్పు నాదే.

ఎనిమిదేళ్ల కిందట హసన్‌పర్తి అవతలి నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చి కుక్కపిల్ల కావాలన్నారు. పొలం ఉంది, మామిడితోట ఉంది, ఇంటినిండా మనుషులున్నారు. నేను ఫారం ఇవ్వలేదు, ఒక్క ప్రశ్న వేయలేదు. కుక్కకు తోటకన్నా ఏం కావాలి అనుకుని, ఒళ్లో ఉన్న పిల్లను చేతిలో పెట్టి పంపాను. కొన్ని నెలలు పోయాక అటువైపు ఒక పెళ్లికి వెళ్తూ దారిలో ఆగాను. మే నెల, మిట్టమధ్యాహ్నం. మోటారు షెడ్డు పక్కన వేపచెట్టుకు మూరెడు గొలుసు, దాని చివర అది. నీళ్ల గిన్నె బోర్లా పడి ఉంది. మెడ చుట్టూ గొలుసు ఒరుసుకుని పుండై, పుండులో పురుగులు పడ్డాయి. ఆ అన్నదమ్ములు దుర్మార్గులు కారు. నన్ను చూసి సంతోషించారు, మజ్జిగ ఇచ్చారు. "కాపలాకే కదమ్మా తెచ్చుకున్నాం" అన్నారు. వాళ్లు నాతో ఒక్క అబద్ధం ఆడలేదు. నేనే అడగలేదు. గొలుసు విప్పించి ఆటోలో వేసుకుని వెనక్కి తెచ్చుకున్నాను, పెళ్లికి వెళ్లనే లేదు. ఆ కుక్క ఇప్పుడు ముసలిదై ఇది రాస్తున్న నా కుర్చీ కిందే పడుకుని ఉంది.

అప్పటి నుంచి ఎవరు వచ్చినా ముందు అడిగేది ఒక్కటే. రాత్రి కుక్క ఎక్కడ పడుకుంటుంది? నాలుగు పేజీల ఫారం చెప్పనిది ఈ ఒక్క జవాబు చెబుతుంది. "గేటు దగ్గర" అంటారు కొందరు. "మేడ మీద బోలెడంత చోటు ఉందండి" అంటారు ఇంకొందరు, ఎంతో ఉదారంగా. వరంగల్‌లో మే నెలలో మేడ అంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? 44 డిగ్రీల ఎండలో సిమెంటు మీద మనం చెప్పులు లేకుండా పది అడుగులు వేయలేం. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దానికున్న పెద్ద ఆధారం. మీ లేఖలో కుక్క ఎక్కడ పడుకుంటుందో మీరూ రాయలేదు. ఫొటో చూసి మనసు పారేసుకున్నానని రాశారు. తప్పు పట్టడం లేదు, ఈసారి వాళ్లతో మాట్లాడేటప్పుడు ఆ సంగతి మీరే ముందు చెప్పండి అంటున్నాను.

షరతులు పెరగడానికి ఇంకో కారణం చట్టం. పెంచుకున్న కుక్కను తిండీ నీళ్లూ దొరకని చోట వదిలేసి వెళ్లడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 11వ సెక్షన్ ప్రకారం నేరమే. పొట్టి గొలుసుతో గంటలకొద్దీ కట్టేయడం కూడా అదే సెక్షన్ కింద నేరం. మరి శిక్ష ఎంత? మొదటిసారి దొరికితే 10 రూపాయల నుంచి 50 రూపాయల జరిమానా. 1960లో ఆ 50 రూపాయలకు విలువ ఉండి ఉంటుంది. ఇవాళ ఎంజీఎం ఆసుపత్రి ఎదుట ఇద్దరు టిఫిన్ తిని లేచినా అంతకన్నా ఎక్కువే అవుతుంది. చట్టం భయపెట్టని చోట ఈ బృందాలవాళ్లు కాగితాలతో భయపెట్టాలని చూస్తారు. ఆ నాలుగు పేజీల ఫారం వెనక ఉన్నది అహంకారం కాదు, చాలావరకు నిస్సహాయత. ఒక్కో షరతు వెనక వెనక్కి వచ్చిన కుక్క ఒకటి ఉంటుంది. నా ప్రశ్న వెనక వేపచెట్టు ఉన్నట్టే.

అడ్డదిడ్డంగా తోచే ప్రశ్నల్లో కొన్ని నిజంగా అవసరమైనవి. "మీ ఇంట్లో ఇదివరకు కుక్క ఉండేదా? ఏమైంది?" అని అడిగితే కొందరికి ఒళ్లు మండుతుంది, మా కుక్క చావు గురించి నీకెందుకు అని. ఆ ఇంట్లో కుక్క పార్వో జబ్బుతో పోయి ఉంటే ఆ వైరస్ మట్టిలో, గచ్చు సందుల్లో నెలల తరబడి బతికే ఉంటుంది. టీకాలు పూర్తికాని పిల్లను ఆ ఇంటికి పంపడం ప్రాణం తీయడమే. కుక్కపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలై, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున నాలుగు నెలలు నిండేవరకు సాగుతాయి. రేబిస్ టీకా మూడు నెలలకు. అందుకే రెండు నెలల పిల్ల విషయంలో వాళ్లకు అంత చాదస్తం. "ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా?" అనే ప్రశ్న కూడా అలాంటిదే. కుక్కను తెస్తానన్నది ఒకరు, వెంట్రుకలు ఊడ్చేది ఇంకొకరు. నెలకు పది రోజులు మీ దగ్గర ఉండే అమ్మ ఏమన్నారో మీ లేఖలో ఒక్క మాట లేదు. దేవుడి గదికి ఎంత దూరంలో కుక్క ఉండాలన్న దాని మీద తల్లీకూతుళ్లు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లు నేను చూశాను.

అద్దె ఇంటి సంగతికి వస్తాను. సగం న్యాయం అన్నది దీన్నే. అద్దెకు ఉండేవాళ్లకు అసలు ఇవ్వం అనే నియమం తెలివితక్కువది. హనుమకొండ, కాజీపేటల్లో ఉద్యోగాలకో చదువులకో వచ్చినవాళ్లలో సొంత ఇల్లు ఎంతమందికి ఉంటుంది? ఆ నియమం పెడితే ఆస్తిని కొలుస్తున్నట్టే తప్ప ప్రేమను కాదు, ఓపికను అసలే కాదు. కానీ ఓనరు అనుమతి కాగితం మీద కావాలనడం తెలివైనది, అది మీరు తేలేదు. నోటిమాట సరే ఎలాంటిదో చెబుతాను. కింద ఇంట్లో ఉన్న ఓనరు గారు మంచివారే, నవ్వుతూ సరే అంటారు. ఆరు నెలలకు కోడలు పసిబిడ్డతో వస్తుంది. లేదా మీ కుక్క రాత్రి రెండు గంటలకు మెట్ల మీద బల్లిని చూసి అరుస్తుంది. లేదా పత్రికలో ఏదో వార్త వస్తుంది. 2023 మే నెలలో కాజీపేట రైల్వే క్వార్టర్ల దగ్గర వీధికుక్కల దాడిలో ఎనిమిదేళ్ల బాబు చనిపోయాక, ఎన్నో ఏళ్లుగా పెంపుడు కుక్కలతో ఉంటున్న అద్దె కుటుంబాలను కూడా ఓనర్లు ఇల్లు ఖాళీ చేయమన్నారు. ఆ భయాన్ని వెక్కిరించలేం. బిడ్డను పోగొట్టుకున్న ఊరు అది. అప్పుడు వీధికుక్క వేరు, టీకాలు వేసిన మా ఇంటి కుక్క వేరు అని చెప్పుకోవడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించకూడదని జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. అది మంచిదే. కానీ మీది అపార్ట్‌మెంట్ కాదు, ఓనరు ఉన్న ఇంటి పై వాటా. రోజూ ఒకే గేటులోంచి వెళ్లాలి. హక్కులు పక్కన పెట్టి, అద్దె ఒప్పందం తిరగరాసుకునేటప్పుడు అందులో ఒక్క వాక్యం చేర్పించండి, ఒక పెంపుడు కుక్క ఉండవచ్చని. మీరు కూడా ఒక వాక్యం ఇవ్వండి, మెట్లు నేనే కడుగుతాను, టీకాల కార్డు ఏటా చూపిస్తాను అని. కాగితం మీద రాయడానికి ఆయన వెనకాడితే ఆయన సరే అన్నది సరే కాదని అప్పుడే తెలిసిపోతుంది, కుక్క ఇంటికి రాకముందే. అదే లాభం.

ఇక మిగిలిన కారణం, న్యాయమైనదని వాళ్ల పక్షాన నేను నిలబడేది, పగలు ఎవరూ ఉండరన్న మాట. మీరు ఉద్యోగానికి తొమ్మిదికి బయలుదేరి సాయంత్రం ఏడుకు వస్తారనుకుంటాను. పది గంటలు. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. రోజుకు నాలుగుసార్లు తినాలి. టీకాలు పూర్తయ్యేవరకు వీధిలో తిప్పకూడదు. ఒంటరిగా వదిలిన పిల్ల మొదటి గంట ఏడుస్తుంది, రెండో గంట తలుపు గీకుతుంది, మూడో గంట మీ చెప్పులు, నాలుగో గంట స్విచ్ బోర్డు తీగలు. మీరు అలసిపోయి వచ్చి తలుపు తీస్తే గదంతా కంపు. మొదటివారం నవ్వొస్తుంది, మూడోవారం ఏడుపొస్తుంది. ఐదోవారం "ఎవరైనా తీసుకుంటారా" అని ఫొటో పెడతారు. ఆ ఫొటోలు మా ఫోన్లకు వారానికి ఎన్ని వస్తాయో చెబితే మీరు నమ్మరు. అన్నీ మంచి మనుషులు పంపినవే. మీరు కుక్కకు తగరని కాదు. ఆ పిల్ల మీ పనివేళలకు తగదు, అంతే.

వాళ్లు చేసిన తప్పు కూడా ఇక్కడే ఉంది. ఈ పిల్ల కుదరదు అన్నవాళ్లు ఇదిగో ఇది కుదురుతుంది అని ఇంకో కుక్కను చూపించాలి. తలుపు మూసి పంపకూడదు. ఏ బృందం దగ్గరైనా రెండు మూడేళ్ల కుక్కలు నాలుగైదు ఉంటాయి, చాలావరకు ఆడవే. మగపిల్ల కావాలని అడగనివాళ్లు లేరు, మీరూ మగపిల్లనే అడిగారు. ఆడదైతే ఎదకు వస్తుంది, పిల్లల్ని పెడుతుంది అని భయం. ఆపరేషన్ చేశాక ఆ రెండూ ఉండవు, పైగా షెల్టరులో ఉన్న పెద్ద ఆడకుక్కలకు చాలావరకు ఆపరేషన్ అయిపోయే ఉంటుంది. వయసొచ్చిన కుక్క పగలు ఎక్కువసేపు నిద్రపోతుంది. దాని గుణం ఏమిటో అప్పటికే తెలుసు, పిల్లలంటే ఎలా ఉంటుందో, మెట్లెక్కుతుందో లేదో, దీపావళికి మంచం కింద దూరుతుందో లేదో అన్నీ వాళ్లు చెప్పగలరు. మధ్యాహ్నం ఒక్కసారి ఎవరైనా వచ్చి కిందికి తిప్పితే చాలు. పక్కింట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే అడిగి చూడండి, డబ్బు ఇవ్వకపోయినా వస్తారు.

దత్తత మాట ఎత్తకుండా, "రెండు వారాలు నా దగ్గర ఉంచుకుంటాను" అని అడగండి. దీన్ని వాళ్ల భాషలో ఫోస్టర్ అంటారు. వాళ్ల దగ్గర చోటు ఎప్పుడూ చాలదు కాబట్టి ఇవ్వలేమన్న నోటితోనే సరే అంటారు. మీ అమ్మ ఉండే పది రోజులు కలిసేలా చూసుకోండి. ఆ రెండు వారాల్లో మీకూ తెలుస్తుంది, ఓనరు గారికీ తెలుస్తుంది, అమ్మకూ తెలుస్తుంది. నా దగ్గర నుంచి అలా రెండు వారాలకని వెళ్లినవాటిలో తిరిగి రానివే ఎక్కువ.

ఇన్ని చెప్పానని ప్రతి షరతుకూ తల ఊపమనడం లేదు. ఆధార్ కాపీ అడిగితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్డ్ ఆధార్ ఇవ్వండి, ఆధార్ సంస్థ వెబ్‌సైటులోనే దొరుకుతుంది. మీరు ఒక్కరే ఉంటారు కాబట్టి, ఇల్లు చూడడానికి వచ్చేవారిలో ఒక స్త్రీ ఉండాలని మీరు షరతు పెట్టవచ్చు. వాళ్లు కుక్క కోసం జాగ్రత్త పడినట్టే మీరు మీ కోసం పడాలి. జీతం ఎంతో చెప్పనవసరం లేదు. వైద్యం ఖర్చు భరించగలరా అని అడిగితే మాత్రం నిజాయతీగా ఆలోచించండి. పోయిన ఏడాది మా ముసలిదానికి గోమార్ల వల్ల జ్వరం వచ్చి, రక్తపరీక్షలకూ మందులకూ పది రోజుల్లో మా ఇంటి నెల కిరాణా డబ్బంతా పోయింది. నెలనెలా వీడియో మొదటి మూడు నెలలైతే సబబు. జీవితాంతం ఎప్పుడైనా చెప్పకుండా వచ్చి తనిఖీ చేస్తాం అంటే ఒప్పుకోకండి. కుక్కకు ఇంట్లో వండింది పెట్టకూడదు, ఫలానా కంపెనీ దాణానే పెట్టాలి అంటే నవ్వి ఊరుకోండి. టీకాల ఖర్చు కింద కొంత అడగడం మామూలే, వేలల్లో అడిగితే అది దత్తత కాదు, అమ్మకం. మీకు కుదరకపోతే వీధిలో వదలకుండా మాకే తిరిగి ఇవ్వండి అనే షరతు ఉందో లేదో మాత్రం చూసుకోండి. అది రాసుకున్నవాళ్లు నిజమైనవాళ్లు. ఎందుకంటే ఆ షరతు మీ మెడకన్నా వాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

ల్యాబ్రడార్ కొంటే తప్పా అని అడిగారు. పాపమేమీ కాదు. కానీ ల్యాబ్రడార్‌ను తెచ్చినా మీ ఉద్యోగం పది గంటలే కదా? దానికి నాటుకుక్కకన్నా ఎక్కువ పరుగు కావాలి, ఎక్కువ తిండి కావాలి, మన ఎండకు అది త్వరగా సొమ్మసిల్లుతుంది. కోపంలో కొన్న కుక్క కోపం తగ్గాక కూడా పన్నెండేళ్లు ఉంటుంది. ఒకవేళ కొనేటట్టయితే, 2017 నాటి నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. తల్లికుక్కను చూపించమనండి. చూపించలేదంటే అక్కడి నుంచి వచ్చేయండి. 12 వేలు లెక్కపెట్టి ఇస్తే అక్కడ మిమ్మల్ని పెళ్లి గురించి అడగరు, ఓనరు గురించి అడగరు, కుక్క రాత్రి ఎక్కడ పడుకుంటుందని అడగరు. అది మర్యాద అనుకోకండి.

వీధుల నిండా కుక్కలుండగా వీళ్లకెందుకింత బిగువు అన్నారు కదా. వీధిలో ఉన్నవీ వీళ్ల దగ్గర ఉన్నవీ ఒకటి కావు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కను పట్టుకెళ్తే ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. షెల్టరులో మిగిలేవి కాళ్లు విరిగినవి, తల్లి పోయిన పిల్లలు, యజమానులు వదిలేసి వెళ్లిన జాతి కుక్కలు. అంటే ఇప్పటికే ఒకసారి మనిషి చేతిలో నుంచి జారినవి. రెండోసారి జారకూడదన్నదే వాళ్ల గోల అంతా.

మీ లేఖలో ఆ గోధుమరంగు కుక్క గురించి ఒకే ఒక్క వాక్యం రాశారు. నాకు మాత్రం ఫొటోలోని మగపిల్లకన్నా అదే మనసులో నిలిచింది. దానికి ఫారం లేదు, మిమ్మల్ని అది ఎప్పుడో చూసుకుని ఒప్పేసుకుంది. వీధికుక్కల మీద 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో, ఇష్టమున్నవారు పురపాలక సంస్థకు దరఖాస్తు పెట్టుకుని వీధికుక్కను దత్తత తీసుకోవచ్చని, అయితే అది మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవారిదేనని ఉంది. చూశారా, అక్కడా షరతే. ఆ షరతు వల్లే తొందరపడవద్దంటున్నాను. వీధిలో పెరిగిన పెద్ద కుక్కకు ఆ వీధే ఇల్లు. రెండు గదుల్లో పెట్టి తలుపేస్తే అది ప్రేమ అని దానికి అర్థం కాకపోవచ్చు. కొన్నాళ్లు మెట్ల తలుపు తీసి ఉంచండి, ఓనరు గారితో చెప్పి. పైకి వచ్చి పడుకుంటుందా, తిని కిందికి వెళ్లిపోతుందా చూడండి. దాన్నే తేల్చుకోనివ్వండి.

ఈలోగా రేపు సాయంత్రం స్కూటీ దిగినప్పుడు దాని చెవులు చూడండి. ఒక చెవి కొసన చిన్న గాటు పెట్టి కత్తిరించినట్టు ఉంటే ఆపరేషన్ అయినట్టే, రేబిస్ టీకా మాత్రం ఏటా వేయించాలి. రెండు చెవులూ నిండుగా ఉంటే అది ఈ ఏడాది మీ గేటు పక్కనే పిల్లల్ని పెడుతుంది, ఎద కలిసినప్పటి నుంచి 63 రోజుల లెక్క. అప్పుడు నాకు రాయండి, దాన్ని ఎక్కడికి తీసుకెళ్లాలో చెబుతాను. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, ఆటోవాడు కుక్కనైతే ఎక్కించుకోనంటే సీటు మీద ముందే గోనెసంచి పరుస్తానని చెప్పండి, ఒప్పుకుంటాడు.